కిచెనర్లో ఒక స్మారకం, ఒక బారసాల

ఈ ప్రయాణానికి ప్లాన్ వేసింది నేను. చెడగొట్టింది కూడా నేనేనని మా ఆవిడ భారతి అంటుంది. రెండూ నిజమే కాబట్టి ముందే ఒప్పేసుకుని మొదలుపెడతాను.

మేముండేది మార్కమ్‌లో. అక్కణ్ణించి పడమరగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో కిచెనర్ అనే ఊరుంది. నూరేళ్ళ కిందటి దాకా దాని పేరు బెర్లిన్. జర్మన్లు వచ్చి కట్టుకున్న ఊరు. బళ్ళో జర్మన్, చర్చిలో జర్మన్, పేపర్లు కూడా జర్మన్‌లోనే వచ్చేవట. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ పేరు అందరికీ కంట్లో నలుసైంది. ఓట్లు పెట్టి మరీ మార్చేశారు. నాకు అసలు జర్మనీ వెళ్ళే యోగం ఇంతవరకు పట్టలేదు. టికెట్టు కొని రైలెక్కితే దొరికే బెర్లిన్‌ని ఎందుకు వదులుకోవాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. భారతికేమో పాత ఊళ్ళంటే ఒళ్ళుమంట. ఆవిణ్ణి కదిలించడానికి సాకు కావాలి. ఆ సాకు స్రవంతి కూతురి రూపంలో దొరికింది.

స్రవంతి జగిత్యాల నుంచి స్టూడెంట్‌గా వచ్చి మా బేస్‌మెంట్‌లో ఏడాదిన్నర ఉంది. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా వీధిలో బేస్‌మెంట్ ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కటి లేదు. చదువయ్యాక ఆ అమ్మాయికి కిచెనర్లో ఉద్యోగం వచ్చింది, భర్త నవీన్ వచ్చి చేరాడు, పాప పుట్టింది. పుట్టడం ఏడు వారాల ముందే పుట్టింది. బారసాల జరగాల్సిన ఇరవయ్యొకటో రోజు ఆసుపత్రిలో గాజుపెట్టెలోనే గడిచిపోయింది. స్రవంతి తల్లి రాజవ్వగారికి విజిటర్ వీసా రెండుసార్లు రిఫ్యూజ్ అయింది. ఆవిడ ఫోన్లో ఏడుస్తుంటే భారతి మాటిచ్చేసింది: "మీరు రాలేకపోతేనేం అక్కయ్యగారూ, మీ బదులు నేను నిలబడతాను. పిల్లని ఉయ్యాల్లో నేను వేస్తాను."

రాజవ్వగారు కళ్ళు తుడుచుకుని షరతు పెట్టారు. "జర పైలం చెల్లె. పిల్ల అసలే పానం నిలుపుకోని వచ్చింది. మైలతోని ఎవ్వలూ గడప తొక్కద్దు. సావు ఇంటికి పోయినోల్లు, బొందలగడ్డకు పోయినోల్లు అసలే రావద్దు. మీ మీదనే పెడుతున్న."

బారసాల మూడో నెలలో, మే నెలాఖరు శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటంబావుకి అని నిశ్చయమైంది. నేను వెంటనే లాప్‌టాప్ తీసి ప్లాన్ వేశాను. పొద్దున్నే బయల్దేరితే మూడు గంటలు చేతిలో ఉంటాయి. పాత ఊరు, శనివారం సంత, ఊరికి ఉత్తరాన జర్మన్ సైనికుల స్మారకం, ఆ తర్వాత బారసాల. భోజనం చేశాక భారతి అడుగు వెయ్యదు కాబట్టి చూసేవన్నీ ముందే పెట్టాను. స్మారకం గురించి ఒక వెబ్‌సైట్లో రెండు వాక్యాలు చదివాను: ప్రశాంతమైన పచ్చిక, కూర్చోవడానికి బెంచీలు. నాకంతకంటే ఏం కావాలి? మన దగ్గర స్మారకం అంటే నాలుగు రోడ్ల కూడలిలో ఒక స్తూపం, ఒక దండ, చుట్టూ ఆటోలు. నేను అదే ఊహించుకున్నాను.

ఉదయం ఆరుంబావుకి ఇల్లు వదిలాం. హైవే ట్రాఫిక్‌కి భయపడి కారు తియ్యలేదని భారతికి చెప్పాను. అసలు సంగతి, నాకు రైలంటే పిచ్చి. వారాంతంలో పది డాలర్లకి రోజంతా తిరిగే పాస్ దొరుకుతుంది, ఫోన్లోనే కొనుక్కోవచ్చు. కారు లేని కొత్త స్టూడెంట్లు ఇది గుర్తుంచుకోండి. మార్కమ్ నుంచి టొరంటో యూనియన్ స్టేషన్‌కి ముప్పావుగంట, అక్కడ రైలు మారి బ్రాంప్టన్ వైపు ఇంకో నలభై నిమిషాలు, అక్కణ్ణించి బస్సు. భారతి ఒళ్ళో పెద్ద సంచీ. అందులో పట్టుచీర, పాపకి వెండి మురుగులు, పసుపు కుంకాలు, ఉయ్యాలకి కట్టడానికి ఉతికి ఉతికి మెత్తబడ్డ తన నేతచీర. సంచీ నేల మీద పెట్టనివ్వదు, పైన అరలో పెట్టనివ్వదు.

బస్సులో మా పక్క సీట్లో గుంటూరమ్మాయి కలిసింది. రాత్రి షిఫ్ట్ ముగించుకుని రూముకి వెళ్తోంది. మా చేతిలో ఇడ్లీల పొట్లం చూసి తనే పలకరించింది.

"కిచెనర్లో చూడ్డానికేముంది అంకుల్? రెండేళ్ళ నుంచి ఉంటున్నా. కాలేజీ, షిఫ్ట్, రూమ్, అంతే."

"ఆ ఊరి పేరు ఒకప్పుడు బెర్లిన్ అమ్మా," అన్నాను.

"అవునా? మాకెవరూ చెప్పలేదే," అని ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో ఫోన్ పట్టుకునే నిద్రపోయింది. ఊరొచ్చాక భారతి లేపింది.

పది గంటలకు కిచెనర్‌లో దిగాం. ఊరి నడిబొడ్డున పార్కు, పార్కులో చెరువు, ముందు పాత గడియార స్తంభం. యుద్ధం మొదలైన కొత్తల్లో ఇక్కడున్న జర్మన్ చక్రవర్తి విగ్రహాన్ని పీకి ఈ చెరువులోనే పడేశారట. ఇప్పుడందులో బాతులు ఈదుతున్నాయి. చుట్టూ ఎర్ర ఇటుకల ఇళ్ళు, పొడుగాటి కిటికీలు. పదిహేను నిమిషాల నడకలో సంత. నల్ల టోపీలు పెట్టుకున్న రైతులు, క్యాబేజీ ఊరగాయ జాడీలు, ఆపిల్ గుజ్జు సీసాలు. భారతి ఒక సీసా బేరమాడబోయింది, ఇక్కడ బేరాలుండవని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. సిటీ బస్సెక్కి పదకొండుకి పది నిమిషాలుండగా స్మారకం స్టాపులో దిగాం.

వెబ్‌సైట్ అబద్ధం చెప్పలేదు. కనుచూపు మేర పచ్చిక, పెద్ద పెద్ద మేపుల్ చెట్లు, పూసిన లైలాక్ పొదలు. గేటు తీసే ఉంది. లోపల బెంచీ కనిపించింది. "ముందు కడుపులో ఇంత పడనివ్వండి," అంది భారతి. బెంచీ మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పాం. కారప్పొడి, నూనె రాసిన ఇడ్లీలు, పైన చెట్టు నీడ. ఇంత చక్కటి పార్కు మార్కమ్‌లో లేదని కూడా అన్నాను.

భారతి నాలుగో ఇడ్లీ తుంచుతూ బెంచీ వీపు మీదున్న ఇత్తడి పలక చదివింది. తర్వాత కాళ్ళ దగ్గర గడ్డిలోకి చూసింది. గడ్డికి సమానంగా ఒక రాయి పరిచి ఉంది, దాని మీద ఎవరిదో పేరు. దాని పక్కన ఇంకొకటి. పొదల అవతల వందల్లో ఉన్నాయి.

"ఏవండీ," అంది చాలా మెల్లగా. "మనం ఎక్కడ కూర్చుని తింటున్నాం?"

మనవాళ్ళకి శ్మశానమంటే ఊరి చివర కట్టెలు, బూడిద, కాకులు. పూలతోట మధ్య బెంచీ వేసి ఉంటే ఎవరు అనుకుంటారు? అనుకోవలసింది నేనే. ప్లాన్ వేసినవాణ్ణి నేనే కదా.

భారతి తింటున్న ఇడ్లీ పొట్లంలో పెట్టేసింది. కోప్పడితే బాగుండేది, కోప్పడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆవిడ నా మీద పెట్టిందండీ," అంది. "బొందలగడ్డ అని పేరు పెట్టి మరీ చెప్పింది. నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ పిల్లని ఎత్తుకోను? నేను వెయ్యకపోతే ఇంకెవరున్నారు వెయ్యడానికి?"

ఎవరూ లేరు. నవీన్ తల్లి ఎప్పుడో పోయింది. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఇరవై నాలుగేళ్ళ స్టూడెంట్లు, బారసాల ఎలా చేస్తారో యూట్యూబ్‌లో చూస్తున్న పిల్లలు. ఇంటికెళ్ళి స్నానం చేసి రావాలంటే మార్కమ్ మూడున్నర గంటల దూరం.

కాసేపటికి భారతి ముక్కు చీదుకుని లేచింది. "తలస్నానం ఎలాగూ తప్పదు. ఒక్క నిమిషమున్నా గంటున్నా స్నానం ఒక్కటే. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే ఆ పాపం కూడా నాకే చుడతారు. పదండి, ఎక్కడ మీ స్మారకం?"

సమాధుల మధ్య దారి పట్టుకుని లోపలికి నడిచాం. చివర్లో ఒక పక్కగా, గీత గీసి పేర్చినట్టు వరసలు వరసలుగా బూడిదరంగు రాళ్ళు. రాళ్ళ మీద జర్మన్ పేర్లు, పుట్టిన తేదీలు, పోయిన తేదీలు. అక్కడ ఒక ముసలావిడ మోకాళ్ళ కింద దిండు వేసుకుని, చిన్న బ్రష్‌తో ఒక రాతి అక్షరాల్లోని నాచు తోముతోంది. మమ్మల్ని చూసి పలకరింపుగా నవ్వింది. పేరు హెల్గా అని చెప్పింది.

నాకు తెలియని సంగతులు ఆవిడే చెప్పింది. వీళ్ళు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పట్టుబడితే కెనడాలో బంధించి ఉంచిన ఖైదీలు. కొందరు జబ్బు చేసి, కొందరు పనిచేసేచోట ప్రమాదాల్లో పోయారు. ఏ క్యాంపు దగ్గర పోయినవాణ్ణి అక్కడే పూడ్చేశారు. యుద్ధమయ్యాక ఎన్నో ఏళ్ళకి, దేశం నలుమూలల నుంచీ ఒక్కొక్కరినీ తవ్వి తీసి, ఇంత దూరం మోసుకొచ్చి, జర్మన్ మాట వినిపించే ఈ ఊళ్ళో ఒక్కచోట చేర్చారు. ఏటా నవంబరులో ఒకరోజు వీళ్ళ కోసం జనం వస్తారు. ఒకప్పుడు వీళ్ళతో యుద్ధం చేసిన కెనడా సైన్యం తరఫువాళ్ళు కూడా వచ్చి పక్కన నిలబడతారు.

బెర్లిన్ అన్న పేరు కూడా భరించలేకపోయిన ఊరు ఇది. అలాంటి ఊరు, తను యుద్ధం చేసిన దేశం పిల్లలకి ఇంత చోటిచ్చి గడ్డి కోస్తోంది. రాళ్ళ మధ్య పచ్చిక తివాచీలా ఉంది. ఎక్కడా ఒక్క కలుపుమొక్క లేదు. నేను చాలా గుళ్ళు చూశాను, కోటలు చూశాను. అక్కడెక్కడా నాకు చెప్పులు విడిచి నిలబడాలనిపించలేదు. ఇక్కడ అనిపించింది, విడిచాను.

భారతి తేదీలు చదువుతూ వేళ్ళ మీద లెక్క వేసుకుంటోంది. "పంతొమ్మిది. ఇరవై రెండు. ఇరవై. ఇతనికి మళ్ళీ పంతొమ్మిదేనండీ. మన బేస్‌మెంట్లో ఉండే పిల్లలంత కూడా లేరు." తర్వాత హెల్గాని అడిగింది, వీళ్ళలో మీవాళ్ళెవరని.

"ఎవరూ లేరు," అంది హెల్గా. "మా అన్న రెండో యుద్ధంలో రష్యాలో పోయాడు. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఎక్కడ పూడ్చారో, అసలు పూడ్చారో లేదో తెలియదు. ఇక్కడ వీళ్ళని ఎవరో చూసుకున్నారు. అక్కడ వాణ్ణి కూడా ఎవరో ఒకరు చూసుకుంటూ ఉంటారు కదా అనుకుంటాను. అందుకే వస్తాను."

భారతి సంచీ నాకిచ్చి, ఆవిడ పక్కన గడ్డిలో కూర్చుంది. బకెట్లో ఇంకో బ్రష్ ఉంటే తీసుకుని పక్క రాయి తోమింది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పదకొండున్నర దాటింది, ఆవిణ్ణి లేపడానికి మనసొప్పలేదు. తనే లేచి, ఇక్కడ స్నానం చెయ్యడానికి చోటెక్కడుంటుందని హెల్గాని అడిగింది. ఎందుకో కూడా చెప్పింది. హెల్గా ఆశ్చర్యపోలేదు. "మా అమ్మ కూడా అంతే. సమాధుల నుంచి వస్తే చెప్పులు వాకిట్లోనే విప్పించేది," అని తన కారు తాళాలు తీసింది.

ఆవిడ మమ్మల్ని సిటీవాళ్ళ ఈతకొలను దగ్గర దింపింది. ఈతకి టికెట్ తీసుకుంటే షవర్లు వాడుకోవచ్చు. కౌంటర్‌లో అమ్మాయి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఈత బట్టలు తెచ్చుకున్నారా?" అని అడిగింది. "షవరొక్కటి చాలమ్మా," అంటే భుజాలెగరేసి టికెట్లిచ్చింది. భారతికి మార్చుకోవడానికి పట్టుచీరుంది, సంచీలో ఉన్నవాటికి మైల అంటదట. నాకేముంది? మైలబట్టలు మళ్ళీ తొడుక్కుంటే స్నానం దండగని హుకుం. ఎదురుగా ఉన్న చవక దుకాణానికి పరిగెత్తాను. నా సైజులో దొరికినవి ఒక నిక్కరు, ఒక టీషర్టు. ఈ ఊళ్ళో ఏటా జరిగే బీరు పండగ కోసం అచ్చేసిన టీషర్టు అది. గుండెల మీద నురగ పొంగుతున్న ఇంత పెద్ద బీరు గ్లాసు. తల మీంచి స్నానం చేసి అది తొడుక్కుని బయటికొచ్చాను. భారతి తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, పట్టుచీరలో నిలబడి ఉంది. నన్ను చూసి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

టాక్సీ పట్టుకుని స్రవంతి వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి చేరేసరికి ఒంటిగంట. ఎవరికీ చెప్పకుండా కానిచ్చేద్దామని లిఫ్టులో గొణిగాను. స్నానం చేశాం, బట్టలు మార్చాం, శాస్త్రం తీరిపోయింది కదా అన్నాను.

"ఆవిడ నన్ను నమ్మింది," అంది భారతి. "చెప్పకుండా లోపలికి అడుగు పెట్టను."

స్రవంతి పాపని ఎత్తుకుని తలుపు తీసింది. లోపల హాల్లో ఆరేడుగురు పిల్లలు, పూల దండలు, దూలం లేదు కాబట్టి స్టాండుకి కట్టబోతున్న ఉయ్యాల. "రాండ్రి ఆంటీ, గా జుట్టేంది తడిగ?" అంది. భారతి గడప ఇవతలే ఆగిపోయి, అమ్మకి ఫోన్ కలపమంది. వీడియోలో రాజవ్వగారు కనిపించారు. అక్కడ రాత్రి పదిన్నర, ఆవిడ కొత్త చీర కట్టుకుని తయారుగా కూర్చున్నారు.

భారతి దాచకుండా అంతా చెప్పింది. ఏ ఊరో, ఎలా తెలియక వెళ్ళామో, బెంచీ మీద ఇడ్లీలు తినడం, తెలిశాక కూడా లోపలికి వెళ్ళడం, ఈతకొలనులో స్నానం. "తెలియక పోయింది సగం, తెలిసి పోయింది సగం అక్కయ్యగారూ. మీరు వద్దంటే నేను ఇక్కడే నిలబడి చూసి వెళ్ళిపోతాను," అంది. స్రవంతి పాపని గుండెకి ఇంకాస్త హత్తుకుంది.

రాజవ్వగారు ఫోన్ మొహానికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నారు.

"ఎవ్వలియి ఆ బొందలు?"

"పరాయి దేశం పిల్లలవి. ఇరవయ్యేళ్ళవాళ్ళు. యుద్ధంలో పట్టుబడి ఇక్కడికొచ్చి పోయారు."

"ఆల్ల అమ్మలు వచ్చి సూసిన్రా?"

"ఎక్కడ చూస్తారు? అంత దూరం ఎలా వస్తారు?"

రాజవ్వగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మరి నువ్వు సూసినవు గదా చెల్లె. ఆల్ల అమ్మలు రాకపోతే నువ్వు పోయినవు. నేను రాకపోతే గూడ నువ్వే అచ్చినవు. ఇగ నిలబడకు, లోపటికి రా. పిల్లను ఎత్తుకో."

ఒంటిగంటంబావు దాటి పది నిమిషాలకి భారతి పాపని తన నేతచీర ఉయ్యాల్లో వేసింది. నవీన్ పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాశాడు. భారతి పాప చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పింది: వెన్నెల. ఫోన్ పట్టుకుని ఉయ్యాల పక్కన నిలబడటం నా పని. ఫొటోలన్నిట్లోనూ పట్టుచీరల పక్కన నా బీరు గ్లాసు ఉంది. స్టూడెంట్ పిల్లలు వండిన పప్పు, వంకాయ కూర, సేమ్యా పాయసం తిన్నాం. సాంబారు మాడింది, అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను.

నాలుగింటి బస్సుకి తిరుగు ప్రయాణం. కిటికీలోంచి ఎర్ర ఇటుకల ఇళ్ళు వెనక్కి పోతుంటే, ఈ ఊరు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఏం రాయాలా అని ఆలోచించాను. స్మారకం తప్పకుండా చూడండి. అది శ్మశానమని తెలిసే వెళ్ళండి, మార్చుకోను బట్టలు తీసుకెళ్ళండి. నేను ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉద్యోగం చేశాను, ఇల్లు కొన్నాను, పన్ను కట్టాను. ఈ దేశం ఇంత గొప్పదని నాకు అనిపించింది మాత్రం ఆ గడ్డిలో చెప్పుల్లేకుండా నిలబడ్డప్పుడే.

బ్రాంప్టన్‌లో రైలెక్కి కూర్చున్నామో లేదో, భారతి ఫోన్ మోగింది. రాజవ్వగారు. అక్కడ అర్ధరాత్రి దాటి చాలాసేపైంది, ఆవిడకి నిద్ర పట్టలేదట.

"చెల్లె, ఒక్క ముచ్చట అడుగుతా, నవ్వకు. ఫోన్ల అన్నీ కనవడుతున్నయి. కండ్లు, ముక్కు, ఏడ్సుడు, నవ్వుడు. బరువు ఒక్కటి తెల్వది. పిల్ల చేతుల మీద ఎంతుంది?"

భారతి నా వైపు చూసింది. ఆసుపత్రివాళ్ళు మొన్న తూస్తే నాలుగు కిలోలుందని స్రవంతి చెప్పింది. ఆ అంకె చెబుతుందనుకున్నాను. ఆవిడ రెండు చేతులూ చాపి, ఒకసారి తనే తూచి చూసుకున్నట్టు ఆగింది.

"అక్కయ్యగారూ, ఇంట్లో బియ్యం ఉన్నాయా? నాలుగు కిలోలు కొలిచి, మెత్తటి గుడ్డలో మూట కట్టి, తల వైపు కాస్త ఎత్తుగా మోచేతి మీద పెట్టుకోండి. అంతే ఉంది."

ఫోన్లో గిన్నె చప్పుడైంది. బియ్యం పోస్తున్న చప్పుడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత గుడ్డ ముడి వేస్తున్న సవ్వడి. తర్వాత ఇంకేం వినిపించలేదు. భారతి ఫోన్ చెవికి ఆనించుకునే కూర్చుంది. యూనియన్ స్టేషన్ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.